ముక్కల గిన్నె

మా పుట్టిల్లు ఉదయగిరి. ఇంట్లో ఉర్దూ, వీధిలోకి వస్తే తెలుగు. నాయనను అబ్బా అనే పిలిచేదాన్ని గానీ, తెలుగులో రాయడానికి కూర్చుంటే చేతికి నాయన అనే వస్తుంది. ఆయన చెక్క చెంచాలు చేసేవాడు. కొండ మీద నుంచి దిగే నర్ది కొయ్యను బాడిసెతో చెక్కి, ఆకురాయితో రాకి, ఆకారం తెచ్చి అమ్మ ముందు పెట్టేవాడు. అక్కడి నుంచి పని అమ్మది. గరుకు కాగితాన్ని మా వాళ్ళు ఉప్పు కాగితం అంటారు. దాంతో రుద్ది రుద్ది చెంచాను నున్నగా తేల్చడం ఆమె వంతు. నాకు నా జడ నేను వేసుకోవడం రాకముందే ఆ పని వచ్చింది.

నర్ది మంచి కొయ్య. లేత పసుపు చాయలో ఉంటుంది, అంత తేలిగ్గా చీలదు, అన్నానికి వాసన అంటనియ్యదు. కానీ లావు ఎదగదు. మనిషి ముంజేయంత లావు దొరికితే అదే గొప్ప. దాంతో చెంచా వస్తుంది, గరిటె వస్తుంది, దువ్వెన వస్తుంది. గిన్నె రాదు. మా వీధిలో ఎవరికీ గిన్నె చేయాలన్న ఆలోచన కూడా ఉండేది కాదు.

డెబ్బైల నడుమ నన్ను ఆత్మకూరుకు ఇచ్చినారు. అత్త అప్పటికే లేదు. ఇంట్లో మామ, మా ఆయన, నేను. ఇంటి ముందు రేకుల షెడ్డు, అందులో చెక్క పనికి వాడే లేత్ మిషను. మామ వయసులో ఉన్నప్పుడు దాన్ని మనిషి తాడు లాగి తిప్పేవాడంట. నేను కాపురానికి వచ్చేనాటికి మోటారు పెట్టుకున్నారు. మంచం కోళ్ళు, ఉయ్యాల కమ్మీలు, పప్పుగుత్తులు, కవ్వాలు, అప్పడాల కర్రలు, అన్నీ పొడుగాటి కొయ్యను రెండు కొసల మధ్య బిగించి తిప్పే రకం పనులే. నేను వచ్చినాక పప్పుగుత్తులకు నునుపు చేసే పని నాది అయింది. పుట్టింటి నుంచి వచ్చేటప్పుడల్లా బస్సు మీద ఒక గోతాము వేసుకొని వచ్చేదాన్ని. అందులో నాయన చెక్కగా మిగిలిన నర్ది ముక్కలు. పొయ్యిలోకి బాగా మండుతాయని తెచ్చేదాన్ని.

సోమశిల దగ్గర డ్యాం పనులు జరుగుతుండే రోజులు అవి. అక్కడి క్వార్టర్సులో ఉండే ఇంజనీరు గారి భార్య ఒకామె అప్పడాల కర్ర కొనడానికి మా షెడ్డుకు వచ్చింది. గోదావరి వైపు మనిషి. ప్రతి మాటకూ అండీ అంటుంటే మా మామకు నవ్వు ఆగేది కాదు, మీసం సవరించుకుంటున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

కర్ర తీసుకొని ఆమె అడిగింది. "వెడల్పుగా ఒక చెక్క గిన్నె చేసిపెట్టగలరా సాయిబుగారూ? పూరీలు వేసుకోడానికండీ. ఇత్తడి గిన్నెలో వేస్తే కింద చెమట పట్టేసి మెత్తబడిపోతున్నాయి."

"అంత వెడల్పు కొయ్య యాడ దొరకతాదమ్మా?" అన్నాడు మామ. "దొరికినా వేపో మామిడో. మాను నడిగుండె కలిసిన కొయ్యను మిషను మీద గిన్నెగా పట్టినామంటే ఎండాకాలం రాంగానే నోరు తెరస్తాది. తీసుకొని తిట్టుకుంటావు నన్ను."

నేను లోపలి గడప దగ్గర కూర్చొని పప్పుగుత్తి రుద్దుతా ఉన్నాను. నోరు ఊరుకోలేదు. "ముక్కలు అతికించి చేస్తే మామా?" అన్నాను.

మామ వెనక్కి తిరిగి చూసినాడు. కోపం కాదు, వినపడలేదన్నట్టు. నేను పొయ్యి పక్కన ఉన్న గోతాములోంచి నాలుగు ముక్కలు తెచ్చి అరుగు మీద వంకర గీతలో పేర్చి చూపించినాను. "ఇట్లా చుట్టూ పెట్టి అతికిస్తే చట్రం అవతాది కదా. దాని మీద ఇంకొక చట్రం. అన్నీ కలిసి దిమ్మె అయితే దాన్ని మిషను మీద పట్టొచ్చు."

"బావికి రాయి కట్టినట్టా?" అన్నాడు మా ఆయన.

"అట్లనే."

మామ తల అడ్డంగా ఊపినాడు. ఇంజనీరు గారి భార్య మాత్రం నా ముక్కల దగ్గర వంగి, ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని చూసి, "ఇదే చేయండమ్మా, నాకేం తొందర లేదు," అని పోయింది.

ఆ పని మేము అనుకున్నంత తేలిక కాలేదు. ముక్క కొసలు ఏటవాలుగా కోయాలి, అన్ని ముక్కలకూ ఒకే వాలు ఉండాలి. ఏ వాలు? దానికి నేనే ఉపాయం చెప్పినాను. మా ఇండ్లల్లో పండగకు రంగు కాగితాలు మడిచి పూలు కత్తిరిస్తాం. గుండ్రటి కాగితాన్ని సగానికి, మళ్ళీ సగానికి, ఇంకోసారి సగానికి మడిస్తే ఎనిమిది చీలికలు వస్తాయి. ఆ చీలిక వాలే ముక్కకు వాలు. మా ఆయన అది చెక్క మీద గీసుకొని, రంపం అటూ ఇటూ పోకుండా గాడి ఒకటి చేసుకున్నాడు. తెలుపుకు నర్ది, నడుమ నడుమ నలుపుకు చింత చేవ, ఎరుపుకు తుమ్మ పెట్టినాం.

అయినా ఆఖరి ముక్క కూర్చునేది కాదు. ఎనిమిది చోట్ల వెంట్రుకవాసి తేడా వస్తే, చివరికి వచ్చేసరికి గోరు పట్టేంత సందు. దాన్ని జిగురుతోనూ రంపపు పొట్టుతోనూ పూడ్చినాం. జిగురంటే అప్పుడు మా దగ్గర ఉండింది సరేసే. తోలు ఉడికించి తీసే జిగురు, అచ్చుల్లాగా అమ్ముతారు, వేడి నీళ్ళలో కరిగించి పూయాలి. చట్రాలను బిగించడానికి పాత సైకిల్ ట్యూబు పట్టీలుగా కోసి గట్టిగా చుట్టినాం. అంతా బాగానే ఉన్నట్టు కనపడింది. కానీ అది ముసురు కాలం. వాన వదలడం లేదు. సరేసు పైకి ఎండినట్టు కనపడుతుందే గానీ లోపల మెత్తగానే ఉంటుంది. ఆ సంగతి మాకు పట్టలేదు.

ఇంకొక తప్పు కూడా చేసినాం. చట్రం మీద చట్రం పెట్టేటప్పుడు అందంగా ఉంటుందని రంగు మీద రంగు వచ్చేట్టు పేర్చినాం. అంటే అతుకు మీద అతుకు పడింది.

మంచం కోడును రెండు కొసలా పట్టి తిప్పినట్టు గిన్నెను తిప్పడానికి కుదరదు. వెనక ఒక్కవైపే పట్టుకోవాలి. కమ్మరి దగ్గర ఒక ఇనుప పళ్ళెం చేయించి, దానికి చెక్క దిమ్మెను మరలతో బిగించి, మా ఆయన మోటారు వేసినాడు. బయటివైపు గుండ్రం బాగానే వచ్చింది. రంగుల చట్రాలు తిరుగుతుంటే గీతలు గీతలుగా కలిసిపోయి కనపడినాయి. నేను గడపలో నిలబడి సంతోషంగా చూస్తా ఉన్నాను. లోపలి వైపు తొలవడానికి ఉలి ఆనించినాడో లేదో, పెద్ద చప్పుడు. దిమ్మె రెండుగా విచ్చుకొని, ఒక భాగం రేకులకు తగిలి కింద పడింది. ఇంకొకటి ఆయన కుడి మణికట్టుకు తగిలింది. 

చెయ్యి ఎడమ చంకలో పెట్టుకొని నేల మీద కూర్చుండిపోయినాడు. మామ మోటారు ఆపి, కొడుకు మొహం చూసి, నా వైపు చూడకుండా, "రిక్షా పిలువు" అన్నాడు.

ఎముక విరిగింది. పిండికట్టు వేసి పంపించినారు. ముక్కలు అతికిద్దామన్నది నేను. ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. అంటే తేలిగ్గా ఉండేదేమో. అన్నం పెట్టేటప్పుడు నేనే అన్నాను, "నా మూలంగానే అయింది" అని.

మా ఆయన ఎడమ చేత్తో ముద్ద కలపడానికి తంటాలు పడుతున్నాడు. "జిగురు మూలంగా అయింది," అన్నాడు. "నువ్వేమన్నా జిగురువా?"

షెడ్డులో పని నిలిచిపోయింది. మామకు చూపు మందగించి చాలా రోజులైంది. మంచం కోళ్ళు కావాలని వచ్చినోళ్ళను తిప్పి పంపుతా ఉన్నాడు. ఒక పొద్దున నేను షెడ్డులోకి పోయి, కొయ్య బిగించని మిషను ముందు నిలబడి ఉలి పట్టుకొని చూస్తున్నాను. ఎట్లా ఆనించాలి, మోచెయ్యి ఎక్కడ పెట్టాలి అని. మామ వచ్చింది చూసుకోలేదు.

"చేతులకు గాజులు పెట్టుకొని దీని దగ్గరకు రావద్దు," అన్నాడు.

ఇక రావద్దంటున్నాడని అర్థం చేసుకొని ఉలి కింద పెట్టి బయటికి నడిచినాను.

"యాడికి పోతావుండావు?" అన్నాడు మామ. "తీసి పెట్టి రా అంటా ఉండాను. కొంగు నడుముకు చుట్టి లోపలికి దోపుకో. మెడలో దండ జాకెట్టు లోపల వేసుకో. జడ ముడి పెట్టుకో. వేలాడేది ఒక్కటి కూడా ఉండకూడదు. మిషనుకు ఆడా మగా తెలియదు, ఏది దొరికితే అది లాక్కుంటాది."

ఆ రోజు నుంచి నేర్పినాడు. తను స్విచ్చు మీద చెయ్యి పెట్టుకొని నిలబడేవాడు. నా చెయ్యి కొంచెం వణికినా మోటారు ఆపేసేవాడు. ఎందుకు ఆపినాడో చెప్పేవాడు కాదు, నేనే తెలుసుకోవాలి. మొదట అప్పడాల కర్రలు. తర్వాత పప్పుగుత్తులు. ఉలి గట్టిగా అదిమితే కొయ్య లేస్తుంది, వదులుగా పట్టుకుంటే ఎగురుతుంది. సరిగ్గా ఆనితే చప్పుడు మారుతుంది. మామకు కళ్ళు సరిగ్గా కనపడకపోయినా ఆ చప్పుడు వినపడేది. "ఇప్పుడు కోస్తా ఉంది," అనేవాడు. లేకపోతే, "గీకుతా ఉండావు, ఆపు." మొహాన పొట్టు కొట్టేది, కళ్ళల్లో పడేది. సాయంత్రానికి భుజాలు పట్టుకుపోయేవి. కానీ నాకు ఆ పని నచ్చింది. ఇది ఎవరికీ చెప్పలేదు. భర్త చెయ్యి విరిగితే కోడలు సంతోషంగా ఉందని అనుకుంటారని భయం.

వీధిలో మాటలు వచ్చినాయి, రాకుండా ఎట్లా ఉంటాయి. షెడ్డు ముందు నుంచి పోయేవాళ్ళు నడక తగ్గించి చూసేవాళ్ళు. మామ షెడ్డు ముందు ఒక గోనెపట్టా కట్టినాడు. ఎవరో పరదానా అని అడిగితే, "దుమ్ముకు" అన్నాడు.

మా అమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. అల్లుడికి చెయ్యి విరిగిందని ఎవరో ఉదయగిరిలో చెప్పినారంట. ఎంత విరిగింది, ఎట్లా ఉన్నాడు అనేది చెప్పినవాళ్ళకే తెలియదు. అమ్మ ఆ మాట మీదే బస్సెక్కి వచ్చేసింది. నేను మిషను ఆపి, నీళ్ళు తాగుదామని బయటికి వస్తుంటే వీధి మలుపులో కనపడింది. నేను ఎదురు పోయినాను. అమ్మ నా మొహం చూడలేదు, చేతులు చూసింది. బోసి చేతులు. చంకలో మూట వదిలేసి వీధిలోనే కూలబడి, ఉర్దూలో ఏడుపు మొదలుపెట్టింది. "నా బిడ్డ బతుకు ఇట్లా అయిపోయిందే" అని.

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి చుట్టుపక్కల ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటా బయటికి వచ్చినారు. వాళ్ళకూ అర్థం కాక, ఎవరు పోయినారోనని ఇద్దరు ముగ్గురు అప్పుడే కళ్ళు తుడుచుకుంటా ఉన్నారు. అప్పుడు మా ఆయన, ఒక చేతికి పిండికట్టు, ఇంకొక చేతిలో టీ గ్లాసుతో గోనెపట్టా పక్కకు తోసుకొని బయటికి వచ్చినాడు.

"ఏందమ్మా, ఎవరికేమైంది?"

అమ్మ ఏడుపు అక్కడికక్కడ ఆగిపోయింది. లేచి పోయి అల్లుడి మొహం రెండు చేతులతో తడిమి చూసింది. తర్వాత కోపం వచ్చింది. ఆ కోపమంతా మా మామ మీద.

"కాపురం చేసే ఆడపిల్లకు గాజులు తీయించినావా అన్నా? ఎవరన్నా చేస్తారా ఇట్లాంటి పని?"

"గాజులు ఉంటే చెయ్యి పోతాదమ్మా," అన్నాడు మామ. "గాజులు మళ్ళీ వేసుకోవచ్చు. నీ అల్లుడి చెయ్యి చూసినావు కదా. ఇంకొక చెయ్యి కూడా చూస్తావా?"

అమ్మ లోపలికి పోయింది. అన్నం తినలేదు. మంచం మీద అటు తిరిగి పడుకొనింది. నేను పనిలోకి పోవాలా వద్దా అని తేల్చుకోలేకపోయినాను. మామ షెడ్డులోంచి పిలిచినాడు. పోయినాను. కాసేపటికి గోనెపట్టా కదిలింది, అమ్మ వచ్చి నిలబడింది. నేను అప్పడాల కర్ర పడుతున్నాను. పొట్టు రిబ్బన్లలాగా లేచి నా భుజం మీదగా పోతా ఉంది. అమ్మ చూస్తానే ఉంది. కర్ర ఊడదీసినాక చెయ్యి చాపింది. ఇచ్చినాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా బొటనవేలితో రాసి చూసి, "ఈడ గరుకు ఉండాది," అనింది. "నేను నేర్పించింది ఇదేనా?"

అంతే. అల్లుడి కట్టు విప్పేదాకా ఉంటానని మా ఇంట్లోనే ఉండిపోయింది. గాజులు పని అయినాక వేసుకోమని ఒక్కసారి చెప్పింది, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేనూ అట్లనే చేసినాను.

గిన్నె పని మళ్ళీ ఎత్తుకోమన్నది మా ఆయన. చెయ్యి కట్టుకొని కూర్చున్న మనిషికి ఆలోచించడం తప్ప వేరే పని లేదు. ఆఖరి ముక్క ఎందుకు కూర్చోవడం లేదని అదే పట్టుకొని ఉండినాడు. ఒకరోజు ముక్కలను నేల మీద సగం చట్రంగా పేర్చి నన్ను పిలిచినాడు.

"మొత్తం చుట్టూ ఒకేసారి అతికించొద్దు," అన్నాడు. "సగం చట్రం అతికియ్యి. ఇంకొక సగం విడిగా అతికియ్యి. రెండూ ఎండినాక, ఒక పలక మీద ఉప్పు కాగితం పరిచి, రెండిటి కొసలూ దాని మీద పెట్టి చదునుగా రుద్దు. అప్పుడు రెండు సగాలూ ఎదురెదురు పెడితే సందు యాడ ఉంటాది?"

చేసి చూస్తే నిజంగానే సందు లేదు. దీపానికి ఎదురుగా పట్టి చూసినా వెలుగు రాలేదు. మామ వేలితో తడిమి, "అతుకు యాడ?" అని అడిగినాడు. ఆయన అట్లా అడగడమే మాకు మెచ్చుకోలు.

చట్రాలు పేర్చేటప్పుడు ఈసారి ఇటుకల వరసలాగా, కింది అతుకు మీదకు పై ముక్క నడుము వచ్చేట్టు జరిపినాం. చూపుకు కూడా అదే బాగుంది, మెట్లు మెట్లుగా రంగు పైకి ఎక్కుతున్నట్టు. ముసురు పూర్తిగా పోయేదాకా ఆగినాం. ఎండలో కాదు, నీడలో, గాలి తగిలేచోట పెట్టినాం. రోజూ గోరుతో జిగురు గిల్లి చూసేదాన్ని. గాజు ముక్కలాగా పగిలేదాకా మిషను ఎక్కించనివ్వలేదు మామ.

మిషను మీద నేనే పట్టినాను. మామ స్విచ్చు దగ్గర. మా ఆయనా అమ్మా దిమ్మెకు ఎదురుగా నిలబడకుండా పక్కకు. లోపలికి తొలవడం మొదలుపెట్టినాను. అతుకు వచ్చిన చోటల్లా ఉలి కింద చిన్న టిక్కుమనే చప్పుడు. అది భయపెట్టేది. కానీ గిన్నె నిలిచింది.

ఆ తర్వాతి పని అమ్మ చేతుల్లోకి తీసుకొనింది. పెద్ద గరుకు కాగితంతో మొదలుపెట్టి సన్నదానికి వచ్చినాం. నేను అయిపోయిందనుకున్నాను. అమ్మ తడిగుడ్డ తెచ్చి గిన్నె అంతా ఒకసారి తుడిచింది. ఆరినాక తాకి చూస్తే మళ్ళీ గరుకు, పిల్లి నాలుక మాదిరి. "రేపు ఆమె ఇంట్లో తడి తగిలినప్పుడు లేచే నూగు ఇది," అనింది అమ్మ. "ఇక్కడే లేపి ఇక్కడే తీసెయ్యాల." మళ్ళీ సన్న కాగితం, మళ్ళీ తడిగుడ్డ. నూగు లేవడం మానేదాకా అదే. చెంచాలకు ఇదే చేసేవాళ్ళం గానీ అంత పెద్ద గిన్నెకు చేస్తే చేతులు పడిపోయినాయి. తర్వాత గిన్నెను మిషను మీద తిప్పుతా, దాని పొట్టునే పిడికెడు తీసుకొని దానికే ఒత్తి పట్టినాను. కొయ్యకు మెరుపు వచ్చింది. దాని మీద కాచిన కొబ్బరినూనె, తేనెమైనం కలిపి గోరువెచ్చగా పూసినాం. బజార్లో దొరికే వార్నీషు మామ పూద్దామన్నాడు గానీ అమ్మ వాసన చూసి, "పూరీకి ఇది అంటుకుంటే ఎవరు తింటారు?" అని డబ్బా పక్కన పెట్టించింది.

నూనె తగలంగానే చింత చేవ నల్లబడింది, తుమ్మ ఎర్రగా లేచింది, నర్ది తేనె రంగుకు తిరిగింది. ఇంత అందం ఆ పొయ్యిలో పెట్టే ముక్కల్లో ఉందని నేను అనుకోలేదు. అమ్మ గిన్నెను ఒళ్ళో పెట్టుకొని అంచు చుట్టూ బొటనవేలితో రాసి చూసింది. ఊరికి పోయేటప్పుడు మాత్రం, "మీ నాయనకు చూపించకుండా అమ్మేస్తా ఉండారే," అనింది.

గిన్నెను పాత దుప్పట్లో చుట్టి, నేనూ మా ఆయనా బస్సులో సోమశిలకు పోయి ఇచ్చినాం. ఇంజనీరు గారి భార్య అప్పటికప్పుడు పొయ్యి వెలిగించి పూరీలు వేసి, గిన్నెలో పెట్టి, మాకే వడ్డించింది. అడుగు పూరీ కూడా మెత్తబడలేదు. ఆమె నా చేతులు పట్టుకొని తిప్పి చూసి, "ఈ చేతులేనా చేసింది?" అంటే మా ఆయన, "తల నాది కూడా కొంచెం ఉండాది," అన్నాడు.

ఎండలు ముదిరినాక ఒకరోజు ఆమె మళ్ళీ వచ్చింది. చేతిసంచిలోంచి గిన్నె తీసి అరుగు మీద పెట్టింది. అడుగు నుంచి రెండో చట్రం దగ్గర నోరు తెరిచింది. గోరు పట్టేంత.

"కోపగించుకోవద్దమ్మా, ఇంత ప్రేమగా చేశారు, నాకే బాధగా ఉంది," అందామె.

"ఎట్లా కడుగుతా ఉండారు?" అని అడిగినాను.

"అన్ని గిన్నెలతో పాటేనండీ. పనామె తొట్టిలో వేసి నానబెడుతుంది."

మామ మొహం చిట్లించినాడు. ఏమన్నా అంటాడేమోనని నేను ముందే అందుకున్నాను. "తప్పు మాదే. నానబెట్టకూడదని మేము చెప్పలేదు. సరేసు నీళ్ళల్లో కరుగుతాది, ఆ సంగతి మాకు తెలుసు, మీకెట్లా తెలుస్తాది? గిన్నె ఇచ్చి పోండి, సరిచేసి పంపిస్తాము."

ఆమె పోయినాక మామ నన్ను అడిగినాడు. "అందరికీ ఇట్లనే తప్పు మాదే అంటావా?"

"మాదైతే అంటాను."

ఆ మాట ఆయనకు నచ్చిందా లేదా ఇప్పటికీ నాకు తెలియదు.

మా ఆయన నెల్లూరు పోయి తెల్ల జిగురు డబ్బా తెచ్చినాడు. అది సరేసు కంటే నయం, కాచే పని లేదు, పట్టు గట్టిది. కానీ ఈసారి నేను నమ్మదలచుకోలేదు. ఆమె గిన్నెను విడదీసి, అతికించి, మళ్ళీ పట్టి, దాంతోపాటే ఇంకొకటి చేసి మా వంటింట్లో పెట్టుకున్నాను. అందులో చపాతీలు వేసినాను, బియ్యం పోసినాను, వేడి పప్పు పోసినాను, ఒకపూట నీళ్ళు పోసి పెట్టినాను. పొడి వస్తువులకు రాయిలాగా నిలిచింది. నీళ్ళు నిలవుంటే మాత్రం అతుకుల దగ్గర తెల్లబడి, మెల్లగా ఉబ్బింది. దాన్నిబట్టి మేము ఒక నిర్ణయానికి వచ్చినాం. ముక్కల గిన్నె పూరీలకు, చపాతీలకు, పండ్లకు, పప్పు దినుసులకు. చారుకు, మజ్జిగకు కాదు. తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి, అప్పుడప్పుడు నూనె చుక్క రాయాలి. కొనేవాళ్ళు ఎవరొచ్చినా ఇది చెప్పకుండా గిన్నె చేతికి ఇచ్చేదాన్ని కాదు. ఇది విని కొనకుండా పోయినవాళ్ళూ ఉన్నారు. "నీళ్ళు పోయకూడని గిన్నె ఏం గిన్నె?" అని మొహం మీదనే అన్నదొకామె. ఆమె చెప్పింది అబద్ధం కాదు.

ఇంజనీరు గారి భార్య మాత్రం సరిచేసిన గిన్నె తీసుకుపోయి క్వార్టర్సులో అందరికీ చూపించింది. అక్కడి నుంచి ఒకరొకరు వచ్చినారు. ఒకామె పోపుల డబ్బా అడిగింది, ఒకామె మూత ఉన్న చపాతీ డబ్బా అడిగింది. మూత మాకు కొత్త కష్టం తెచ్చిపెట్టింది. వానకాలంలో బిగుసుకుపోయేది, ఎండాకాలంలో జారేది. చాలా చెడగొట్టినాక, కొంచెం వదులుగా ఉంచడమే మేలని తెలిసింది.

మా ఆయన కట్టు విప్పినా మణికట్టు మునుపటిలాగా వంగలేదు. ఉలి పట్టుకుంటే పావుగంటకే నొప్పి. కొన్నాళ్ళు పట్టుదలగా చేసి చూసినాడు. తర్వాత ఒకరోజు తన ఉలిని తానే నూరి తెచ్చి నా చేతిలో పెట్టినాడు. ముక్కలు కోయడం, రంగులు కుదర్చడం, అతికించడం ఆయనవి. మిషను నాది. ఒక్కోసారి ఆయన గడపలో నిలబడి నా చేతులు చూస్తా ఉంటే నాకు ఉలి బరువెక్కేది. ఆ బరువు పోవడానికి ఏండ్లు పట్టింది.

మామ స్విచ్చు దగ్గర నిలబడటం మాత్రం మానలేదు. నేను తల్లినైనాను, మళ్ళీ పనిలోకి వచ్చినాను, అప్పుడూ అక్కడే. ఒకరోజు పెద్ద గిన్నె తొలుస్తుంటే, మిషను నడుస్తుండగానే, "టీ తాగి వస్తాను" అని చెప్పి బయటికి పోయినాడు. నేను మోటారు చప్పుడులో సరిగ్గా వినలేదనుకొని తల తిప్పి చూస్తే నిజంగానే లేడు. గోనెపట్టా ఊగుతా ఉంది. ఉలి ఆనించి పని ముగించినాను. తిరిగి వచ్చినాక ఆయన గిన్నె చూడలేదు, టీ బాగాలేదని అంగడివాణ్ణి తిట్టుకుంటా కూర్చున్నాడు.

ఎనభైల్లో మామ పోయినాడు. షెడ్డు స్థలం మా ఆయన పెదనాన్న కొడుకుల వైపుకు పోయింది. తగాదా పడకుండా, మిషను మాత్రం లారీలో వేసుకొని ఉదయగిరికి వచ్చేసినాం. మా పుట్టింటి పక్కనే ఒక వసారా దొరికింది. దించి, బిగించి, కరెంటు పెట్టించేసరికి వీధి వీధంతా వచ్చి చూసింది.

నాయన అప్పటికి ముసలివాడైనాడు, అయినా చెంచాలు మానలేదు. మిషను బిగిస్తున్నన్నాళ్ళూ వసారా వైపు రాలేదు. పిలిస్తే, పని ఉండాది అనేవాడు. మొదటి రోజు నేను గిన్నె పడుతుంటే వచ్చినాడు. అంతసేపూ నిలబడే చూసినాడు. మోటారు ఆపినాక అడిగినాడు.

"దీని మీద చెంచా వస్తాదా?"

అప్పటికి గానీ నాకు ఆయన రాకపోవడానికి కారణం తెలియలేదు. ఆ వీధిలో ఎంతమంది బాడిసె పట్టుకొని బతుకుతున్నారో నాకు తెలియనిది కాదు. వాళ్ళలో ఎవరూ నన్ను అడగలేదు, నాయన అడిగినాడు.

"రాదు అబ్బా," అన్నాను. "గుండ్రంగా తిరిగేదే వస్తాది. చెంచాకు మెడ వంపు ఉండాది, ఆకు మాదిరి గుంట ఉండాది. అది చేత్తోనే కావాల."

"నిజంగానా?"

"నిజంగా. కావాలంటే కొయ్య పెట్టి చూపిస్తాను."

"వద్దులే," అన్నాడు. కొంచెంసేపు గిన్నె చుట్టూ తడిమి చూసినాడు. తెల్ల ముక్క దగ్గర వేలు ఆపి, "ఇది మన నర్దియేనా?" అన్నాడు. అవునన్నాను. ఇంటికి పోయి, మధ్యాహ్నం గోతాము ఈడ్చుకుంటా మళ్ళీ వచ్చినాడు. ముక్కలన్నీ వసారాలో పోసి, చిన్నవి ఒక వైపు, పొడుగువి ఒక వైపు, కణుపులు ఉన్నవి పొయ్యికి అని వేరు చేయడం మొదలుపెట్టినాడు. మా ఆయన పక్కన కూర్చొని సాయం చేస్తుంటే, "కణుపు ముక్క నీకెందుకురా, పగలతాది," అని చేతిలోంచి లాక్కొని పొయ్యి వైపు విసిరినాడు. ఇద్దరూ వాదించుకుంటా ఉంటే నేను కొత్త దిమ్మె ఎక్కించి మోటారు వేసినాను.